కొసరు పాట



అధ్యక్షుల వారికీ, ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన మిత్రులకీ, పెద్దలకీ, ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పిల్లలకీ నమస్కారం. పిల్లల్ని చివర్లో పిలిచాను. ఇవాళ ఎవరి జ్ఞాపకార్థం మనం చేరామో ఆయనైతే ఈ వరస తిరగేసేవారు.

రేడియో అన్నయ్య, న్యాయపతి రాఘవరావు గారు, 1905లో బరంపురంలో పుట్టారు, 1984లో వెళ్ళిపోయారు. ఆయన భార్య కామేశ్వరి గారు రేడియో అక్కయ్య. మా నాయనమ్మకు చివరిదాకా తీరని సందేహం ఒకటుండేది: అన్నయ్య భార్య వదినవుతుంది గాని అక్కయ్యెలా అవుతుందిరా, అని. రేడియోలో అన్నీ అవుతాయే అని చెప్పేవాళ్ళం. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో ‘బాల’ పత్రిక, అటు మద్రాసులోనూ ఇటు హైదరాబాదులోనూ ఏళ్ళ తరబడి పిల్లల కార్యక్రమాలు. ఆ ‘బాల’ పత్రికలోనే ముళ్ళపూడి వెంకటరమణ అనే కుర్రాడి మొదటి కథా, బాపు అనే కుర్రాడి మొదటి బొమ్మా అచ్చయ్యాయి. ఇంతకన్నా పరిచయం అక్కర్లేదనుకుంటాను.

ఆయన పేరు మీద ఉపన్యాసమంటే బాలగేయాల మీదో, లాలిపాటల మీదో ఉంటుందని అనుకుని ఉంటారు. నేను ఒక హాంబర్గర్ కొట్టు గురించీ, ఒక రికార్డు కంపెనీ గురించీ మాట్లాడబోతున్నాను. కోప్పడకండి. పాతికేళ్ళు విజయవాడలో క్యాసెట్ల వ్యాపారంలో బతికినవాణ్ణి. పిల్లల పాట పిల్లవాడి దాకా ఏ దారిన వస్తుంది, దారిలో ఎవరెవరి చేతులు మారుతుంది అన్నది నా కడుపుకూటి ప్రశ్న. దానికి అమెరికాలో దొరికినంత స్పష్టమైన ఉదాహరణ నాకు ఇంకెక్కడా దొరకలేదు.

1

ముందు మన కిరాణా కొట్టుకు వెళదాం. పావుశేరు బెల్లం తూచాక తక్కెడ దించేముందు మా ఊరి కొట్టాయన అచ్చు అంచు నుంచి ఓ పెచ్చు విరిచి నా చేతిలో పెట్టేవాడు. అది కొసరు. నేను అడగకపోయినా కొసరే. ఇంటికొచ్చేదాకా అది బుగ్గన ఉండేది. మర్నాడు మళ్ళీ నన్నే పంపమని అమ్మ వెంటపడేవాణ్ణి, కాబట్టి ఆయనకూ గిట్టుబాటే. ఆయనేమీ ధర్మాత్ముడు కాడు.

మన భాషలో దీని పక్కన ఇంకో రెండు మాటలున్నాయి. తాయిలం. పిల్లవాడి ఏడుపు ఆపడానికో, చెప్పిన మాట వినిపించడానికో పెట్టేది. ఈమధ్య ఎన్నికల వార్తల్లో తప్ప కనిపించకుండా పోతోంది గాని, మాట మంచిదే. మూడోది ఎర. వానపామును గాలానికి గుచ్చేవాడు చేపకు తాయిలం పెడుతున్నాననుకోడు.

ఈ మూడింటికీ తేడా వస్తువులో లేదు. అదే బెల్లం ముక్క మూడూ కావచ్చు. బెల్లం కొన్నవాడికి బెల్లమే ఇంకాస్త పెడితే కొసరు. వేరే ఏదో చేయించడానికి పెడితే తాయిలం. పుచ్చుకున్నవాణ్ణి ఇంకెవరికో అందించడానికి పెడితే ఎర. పిల్లల పాట ఈ మూడు మెట్లూ ఎలా దిగిందన్నదే ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది. దిగిందంటే చెడిందని ఇప్పుడే అనేయకండి. అదీ చూద్దాం.

2

1946. లాస్ ఏంజిలిస్‌లో కాపిటల్ రికార్డ్స్ అనే కంపెనీ. పుట్టి నాలుగేళ్ళే అయింది. వ్యవస్థాపకుల్లో ఒకాయన జానీ మెర్సర్, స్వయంగా పాటల రచయిత. అక్కడ పిల్లల రికార్డులు చూడమని ఆలన్ లివింగ్‌స్టన్ అనే కుర్రాడికి అప్పగించారు. తర్వాతి కాలంలో ఫ్రాంక్ సినాత్రాను కాపిటల్‌లోకి తెచ్చిన మనిషి, బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టేనాటికి ఆ కంపెనీ అధ్యక్షుడు. కాని ఆయన మొదటి ఘనత ఒక సర్కస్ బఫూన్. పేరు బోజో.

‘బోజో ఎట్ ద సర్కస్’. ఇది ఉత్త రికార్డు కాదు. అట్టపెట్టెలో రెండు రికార్డులు, నడుమ రంగుల బొమ్మల పుస్తకం. బోజో కథ చెబుతూ ఉంటాడు, పిల్లవాడు పుస్తకం చూస్తూ వింటాడు. బోజో ఈల ఊదితే పేజీ తిప్పాలి. అంతే. ఆ గొంతు పింటో కోల్విగ్‌ది. డిస్నీ బొమ్మల్లో గూఫీకి గొంతిచ్చినవాడు, ఒకప్పుడు నిజంగానే సర్కస్‌లో బఫూన్ వేషం కట్టినవాడు. సంగీతం బిల్లీ మే. పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

మూడేళ్ళ కిందట మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, ఓ ఆదివారం పాత సామాన్ల సంతలో నాకది దొరికింది. పెట్టె అంచులు ఎలకలు కొరికినట్టున్నాయి. రెండో రికార్డుకు అంచు నుంచి లోపలికి వెంట్రుకవాసి చీలిక. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు కదా, ముల్లు ఆ చీలిక మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమనేది. నిమిషానికి 78 టక్కులు. నాకు విసుగు. మా మనవరాలికి ఆరేళ్ళు. దానికి అది కథలో ఏనుగు నడక. చీలిక చూపించి చెప్పినా ఒప్పుకోలేదు.

మొదటిసారి ఈల ఊదగానే ఉలిక్కిపడి పేజీ తిప్పింది. రెండోసారి ఈల కోసం ఎదురుచూసింది. నాలుగోసారికి ఈల రాకముందే తిప్పేసి, బోజోని వెనకబడ్డాడని వెక్కిరించింది. ఆ సాయంత్రానికి రికార్డు లేదు, బోజో లేడు. ఈల తనదే, కథ తనదే, పేజీ తిప్పాల్సింది నేను. తిప్పడం ఆలస్యమైతే మొట్టికాయ.

బెల్లం కొట్టు లెక్కలో ఇది అసలు. కంపెనీ అమ్మింది పాటనీ కథనీ, కొన్నవాడికి వచ్చిందీ అదే. ఈల అందులోని కొసరు, బెల్లం మీద బెల్లం. బోజో కూడా సన్యాసేమీ కాడు లెండి. కాపిటల్ వాళ్ళు వాణ్ణి తమ కంపెనీ బఫూనుగా ఊరంతా తిప్పి ఇంకా రికార్డులు అమ్మారు. అయితే ఎంత అమ్మినా రికార్డులే అమ్మారు.

ఆ రోజుల్లో మరో పాఠం కూడా ఉంది. 1948లో సైమన్ అండ్ షూస్టర్ అనే పుస్తకాల సంస్థ ‘లిటిల్ గోల్డెన్ రికార్డ్స్’ అని పసుపు రంగు చిన్న రికార్డులు తెచ్చింది. ఒక్కోటి 25 సెంట్లు. పెద్ద రికార్డుల దుకాణాల కోసం చూడకుండా మందుల షాపుల్లో, చవక సరుకుల కొట్లలో పెట్టి అమ్మారు. ఎందుకో నాకు బాగా తెలుసు. మా కంపెనీలో పిల్లల పాటల క్యాసెట్ మాస్టర్ తయారుచేసి డీలర్లకు వినిపిస్తే, ఒకాయన తాపీగా వక్కపొడి నములుతూ అన్నాడు: “బాగుందండీ. వినేవాడి దగ్గర డబ్బుల్లేవు, డబ్బులున్నవాడు వినడు. నా అరలో ఎక్కడ పెట్టమంటారు?” నాకు జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. పిల్లల పాటకు వినేవాడొకడు, కొనేవాడొకడు. ఆ సందులోకి ఎవరో ఒకరు మధ్యవర్తిగా వస్తారు. టీచరో, రేడియోనో, మేనత్తో. లేదా హోటలు.

3

బోజో రికార్డులోంచి బయటికొచ్చాడు. 1950ల మధ్య నాటికి వాడి హక్కులు లారీ హార్మన్ అనే నటుడి చేతికి వచ్చాయి. ఆయన బుర్రే బుర్ర. వేషం, విగ్గు, పేరు, పద్ధతి, అన్నీ కట్టగట్టి ఊరూరి టీవీ స్టేషన్లకు అద్దెకిచ్చాడు. ఊరికో బోజో వెలిశాడు. అదే దశకంలో రే క్రాక్ అనే వ్యాపారి మెక్‌డొనాల్డ్స్ హాంబర్గర్ కొట్లను ఊరూరా ఫ్రాంచైజీకి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఈ ఇద్దరు వ్యాపారులూ ఎక్కడో ఒకచోట తారసపడక తప్పదు.

పడ్డారు. వాషింగ్టన్‌లో డబ్ల్యూఆర్‌సీ టీవీ స్టేషన్. 1959 నుంచి అక్కడ బోజో వేషం విల్లర్డ్ స్కాట్‌ది. ఆ ప్రాంతపు మెక్‌డొనాల్డ్స్ ఫ్రాంచైజీ వాళ్ళు ఆ కార్యక్రమానికి ప్రాయోజకులు. బోజో కొట్టుకు వస్తున్నాడంటే పిల్లలు అమ్మానాన్నల్ని ఈడ్చుకొచ్చేవాళ్ళు. కొన్నాళ్ళకు టీవీ వాళ్ళు కార్యక్రమం ఆపేశారు. కొట్టువాళ్ళకు బఫూన్ అలవాటైపోయాడు, బోజోనేమో వాడుకునే వీల్లేదు. అప్పుడు ఆ స్కాట్‌నే పిలిచి మరో బఫూన్ని తయారుచేయించారు. 1963లో టీవీ తెరమీదికొచ్చిన ఆ వేషం పేరు రోనాల్డ్ మెక్‌డొనాల్డ్.

ఆ మొదటి ప్రకటనల బొమ్మలు చూడండి, దొరుకుతాయి. ముక్కు స్థానంలో కాగితం కప్పు. టోపీ స్థానంలో ఫలహారం పెట్టి తెచ్చే ట్రే, దానిమీద కాగితం సంచీ, పానీయం కప్పు. నడుముకు కట్టిన పట్టీలోంచి హాంబర్గర్లు తీసి పంచుతాడు. బోజో ముక్కు ఉత్త ఎర్ర ముక్కు. రోనాల్డ్ ముక్కు దుకాణం సామాను. పదిహేడేళ్ళలో ఒక ముక్కు ఎంత దూరం నడిచిందో చూశారా! పాట అమ్మడానికి పుట్టిన బఫూన్‌కి వారసుడుగా తిండి అమ్మే బఫూన్ వచ్చాడు. మనిషి మాత్రం అదే స్కాట్.

పాపం, ఆయన తర్వాత టీవీలో వాతావరణం చెబుతూ, నూరేళ్ళు నిండిన ముసలివాళ్ళకు శుభాకాంక్షలు చదువుతూ దేశమంతటికీ ఇష్టుడయ్యాడు. లావుగా ఉన్నానని జాతీయ ప్రకటనలకు తనను పక్కనబెట్టారని చెప్పుకున్నాడు. హాంబర్గర్లు అమ్మేవాడు లావుగా కనిపించకూడదట.

4

ఇక్కడినుంచి కాస్త జోరుగా నడుద్దాం, టీ చల్లారిపోతుందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు.

1970ల నడుమ గ్వాటెమాలాలో మెక్‌డొనాల్డ్స్ నడుపుతున్న యోలాండా ఫెర్నాండెజ్ దె కోఫీనో అనే ఆవిడ పిల్లలకు విడిగా చిన్న భోజనం, దానితో చిన్న కానుక ఇవ్వడం మొదలుపెట్టింది. తల్లిగా చూసి చేసిన పని. అమెరికాలో కన్సాస్ సిటీ ప్రకటనల సంస్థ అధిపతి బాబ్ బర్న్‌స్టీన్, పొద్దున్న తన కొడుకు సీరియల్ తింటూ ఆ డబ్బా మీది అక్షరాలన్నీ చదవడం గమనించాడు. డబ్బానే బొమ్మ చేస్తే? 1979లో దేశమంతటా హ్యాపీ మీల్ వచ్చింది. మొదటి పెట్టెలు ఏ ఆకారమనుకుంటున్నారు? సర్కస్ బండి. లోపల గీతలు గీసుకునే అచ్చు, రబ్బరు లాంటి చిల్లర సామాను. ‘బోజో ఎట్ ద సర్కస్’ నుంచి సర్కస్ బండి దాకా 33 ఏళ్ళు.

మా అమ్మాయి కారు వెనక సీటు సందులో ఓసారి చెయ్యి పెట్టి చూశాను. పదకొండు బొమ్మలు బయటపడ్డాయి. మనవరాలికి వాటిలో రెండింటి పేర్లే గుర్తున్నాయి. వారం వారం మారే బొమ్మ గుర్తుండిపోతే వచ్చే వారం బొమ్మ మీద కోరికెలా పుడుతుంది? మరుపు ఆ వ్యాపారానికి పెట్టుబడి.

పాట వచ్చే చోటు ఇదే. 1989లో మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు పత్రికల్లో పెట్టి ఎనిమిది కోట్ల పల్చటి ప్లాస్టిక్ రికార్డులు పంచారు. వంగే రికార్డులు, కాగితంలా. అందులో పాట ఏమిటంటే కొట్లో దొరికే తినుబండారాల పట్టిక, మొదటినుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా. దాదాపు అన్ని రికార్డుల్లోనూ పాడేవాళ్ళు చివరికి తడబడతారు. ఒక్కదాంట్లో మాత్రం తప్పులేకుండా పూర్తవుతుంది. అది దొరికినవాళ్ళకు పది లక్షల డాలర్లు. వరస ఎక్కడిదంటే రీయూనియన్ అనే బృందం 1974 నాటి హిట్టు, ‘లైఫ్ ఈజ్ ఎ రాక్’. ఆ పాట నిండా పాటల పేర్లూ, పాటగాళ్ళ పేర్లూ. అవి తీసేసి బర్గర్లు, బంగాళాదుంప వేపుళ్ళు పెట్టారు. వరసకు ఏం తేడా పడలేదు. బాణీ ఎంత మర్యాదస్తురాలో నాకప్పుడు తెలిసింది, ఎవరు పిలిచినా వెళుతుంది.

దీన్ని వింటున్నవాళ్ళు పాట వింటున్నారా? తడబడతారా లేదా అని వింటున్నారు. పాట చివరిదాకా వినాలి, ఒక్కసారి వినాలి, పారెయ్యాలి.

5

ఇప్పుడు అసలు కథ. లాస్ ఏంజిలిస్‌లోనే వెస్ట్‌వుడ్ బులెవార్డ్ మీద 1973లో రిచర్డ్ ఫూస్ ‘రైనో’ అని ఓ రికార్డుల దుకాణం తెరిచాడు. హెరల్డ్ బ్రాన్సన్ దాన్ని చూసుకునేవాడు. 1978లో ఇద్దరూ అదే పేరుతో రికార్డు కంపెనీ పెట్టారు. పాటలంటే పిచ్చి ఉన్నవాళ్ళు. పెద్ద కంపెనీలు అటకెక్కించిన పాత పాటల్ని దుమ్ము దులిపి, శ్రద్ధగా వివరాలు రాసి, మళ్ళీ అమ్మడం వాళ్ళ విద్య. వెర్రి పాటలన్నా వాళ్ళకు మహా ఇష్టం. తగరపు ఈలల్లాంటి కజూలతో రాక్ సంగీతం వాయించే బృందాన్ని కూడా అచ్చేశారు. 1980ల రెండో సగంలో వాళ్ళ రికార్డుల్ని దుకాణాలకు చేర్చింది ఎవరో తెలుసా? కాపిటల్. బోజో కాపిటల్.

తర్వాత వార్నర్ వాళ్ళతో చేయి కలిపారు, పిల్లల కోసం ‘కిడ్ రైనో’ అనే విభాగం పెట్టారు. 1990ల మధ్యలో ఆ కిడ్ రైనో మెక్‌డొనాల్డ్స్‌తో పొత్తు కుదుర్చుకుని రోనాల్డ్ పేరు మీద పాటల ఆల్బమ్‌లు తెచ్చింది. ‘రోనాల్డ్ మేక్స్ ఇట్ మ్యాజిక్’ అని ఒకటి, కారు ప్రయాణాల కోసం ‘ట్రావెల్ ట్యూన్స్’ అని ఒకటి, అలా. రికార్డులోంచి దిగి కొట్టుకెళ్ళిన బఫూన్, ముక్కూ పేరూ మార్చుకుని మళ్ళీ రికార్డెక్కాడు.

నేను ఆ కంపెనీ కుర్చీలో ఉంటే ఏం చేసేవాణ్ణని ఆలోచించాను. సంతకం పెట్టేవాణ్ణి. పచ్చి నిజం చెబుతున్నాను. నా డీలరు మాట గుర్తుందిగా. పిల్లల క్యాసెట్‌కి దుకాణంలో చోటు అట్టడుగు అర, అదీ దుకాణం వెనకాల. అక్కడికి పిల్లవాడు రాడు. హాంబర్గర్ కొట్టుకు రోజూ వస్తాడు. వాడికి తెలిసిన ముఖం ఒకటి అక్కడ గోడ మీద నవ్వుతోంది. వినేవాడూ, కొనేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు దేశం మొత్తం మీద అదొక్కటే. పాటలు పాడిందీ, వాయించిందీ మంచి పనివాళ్ళే. ఎవరి పనితనాన్నీ నేను తక్కువ చెయ్యను.

1994లో పెద్దల పాటల్లోనూ ఇదే జరిగింది. కాపిటల్‌ని అప్పటికే కొని ఉన్న ఈఎంఐ వాళ్ళు గార్త్ బ్రూక్స్, టీనా టర్నర్, రాక్సెట్ లాంటివాళ్ళ ఆల్బమ్‌లను ఫలహారంతో పాటు మెక్‌డొనాల్డ్స్ కౌంటర్ల మీద ఆరు డాలర్ల లోపు ధరకు అమ్మించారు. అమ్మిన ప్రతిదాని మీదా కొంత పిల్లల సేవా సంస్థకు. రికార్డు దుకాణాల వాళ్ళు భగ్గుమన్నారు. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది. మా ఊరి బెల్లం కొట్టు పక్కన మంగలి షాపులో క్షవరానికి వచ్చినవాళ్ళకు అరశేరు బెల్లం సగం ధరకిస్తే కొట్టాయన ఊరుకుంటాడా?

కాని పెద్దలు గార్త్ బ్రూక్స్ కోసమే ఆ ఆల్బమ్ కొన్నారు. బర్గర్ కోసం పాట పుట్టలేదు, పాట అంతకుముందే ఉంది. రోనాల్డ్ పాటల సంగతి వేరు. ఆ పాట పాడేవాడు పాట బయట ఒకే పని చేస్తాడు. క్యాసెట్ ఇంటికెళ్ళాక, కారులో మోగినప్పుడల్లా, వెనక సీట్లోని గొంతు ఏమడుగుతుంది? బోజో ఈల ఊదితే పేజీ తిరిగింది. రోనాల్డ్ పాడితే స్టీరింగు తిరుగుతుంది.

కొసరు, తాయిలం, ఎర అన్నాను కదా. తిండి అసలైతే పాట కొసరు. సరే, ఒప్పుకున్నాను. పిల్లవాణ్ణి కొట్టుకు రప్పించేదైతే తాయిలం. పిల్లవాడి ద్వారా అమ్మానాన్నల్ని రప్పించేదైతే, మూడో మాట మీరే అనుకోండి.

6

ఒక ప్రయోగం చెప్తాను. 2007లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లలు 63 మందిని కూర్చోబెట్టి ఒకే రకం తిండి రెండు పొట్లాల్లో పెట్టారు. ఒకటి తెల్ల కాగితం, ఒకటి మెక్‌డొనాల్డ్స్ గుర్తున్న కాగితం. ఏది రుచిగా ఉందంటే ఎక్కువమంది గుర్తున్న పొట్లమే చూపించారు. అందులో క్యారెట్ ముక్కలూ ఉన్నాయి. మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు అప్పటికి క్యారెట్లే అమ్మరు!

తిండివాళ్ళకు ఈ ప్రయోగం తిండి గురించి. నాకు పొట్లం గురించి. నాలిక మీది రుచినే పొట్లం మారుస్తుంటే చెవి ఎంతకని నిలుస్తుంది? రోనాల్డ్ పాటలో పాట క్యారెట్టు.

అందుకే ర్యాఫీ అనే ఆయన ముందుచూపు నాకు ఆశ్చర్యం. కైరోలో అర్మేనియన్ తల్లిదండ్రులకు పుట్టి కెనడాకు వచ్చిన పాటగాడు. 1976లో మొదటి పిల్లల ఆల్బమ్ సొంత కంపెనీ మీద తెచ్చాడు. లక్షలమంది పిల్లలు ఆయన పాటలతో పెరిగారు. తన పాటనూ పేరునూ ఏ సరుకుకూ అతికించనివ్వలేదు. ‘బేబీ బెలూగా’ను సినిమా తీస్తామని వచ్చినవాళ్ళను, ప్రచారం నేరుగా పిల్లలకే చేస్తారన్న కారణంతో తిప్పి పంపాడు. అదే దేశంలో క్విబెక్ రాష్ట్రం 1980 నుంచీ పదమూడేళ్ళలోపు పిల్లలకు ప్రకటనలు చూపడాన్నే చట్టంతో ఆపింది. సాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళు 2010లో, పోషక విలువలు లేని భోజనంతో ఉచితంగా బొమ్మ ఇవ్వకూడదన్నారు. కొట్టువాళ్ళు బొమ్మకు పది సెంట్లు ధర పెట్టారు. ఉచితం కాదు కదా! నవ్వు వస్తుంది గాని, ఆ పది సెంట్ల బిల్లులో నిజం ఉంది. కొసరు కాదు, అదీ సరుకే అని కొట్టే ఒప్పుకుంది.

ఇంకొకావిడ ఎల్లా జెంకిన్స్. షికాగో. నూరేళ్ళు నిండి 2024లో వెళ్ళిపోయింది. 1957లో ఫోక్‌వేస్ కంపెనీకి ఇచ్చిన మొదటి రికార్డులో ఆవిడ ఒక చరణం పాడి ఆగుతుంది. పిల్లలు అందుకోవాలి. మన కోలాటంలో, జముకుల కథలో వంత ఉంటుందే, సరిగ్గా అదే. వంత పాడేవాడు లేకపోతే ఆ రికార్డు సగమే. కొట్టులో మోగే పాటకు మీ వంతతో పనిలేదు. మీరు పాడినా పాడకపోయినా మోగుతూనే ఉంటుంది.

రేడియో అన్నయ్య దగ్గరికి ఈ దారిన వచ్చాను. ఆయన రేడియో కార్యక్రమం బాలానందంలో మైకు ముందు ఉండేది పిల్లలే. తప్పు పాడినా, మధ్యలో నవ్వినా వాళ్ళే. అన్నయ్య, అక్కయ్య నడిపేవాళ్ళు, అందించేవాళ్ళు. వంత పెద్దలది, పాట పిల్లలది. అంత గొప్పగా ఉండేదా అంటే, పూర్తిగా కాదు. స్టూడియో గుమ్మం దాకా రాగలిగింది పట్నంలో ఉన్న పిల్లలు, తీసుకెళ్ళడానికి పెద్దలకు తీరిక ఉన్న పిల్లలు. మా ఊరినుంచి ఎవరూ వెళ్ళలేదు. మేం గోడకవతల వాళ్ళం. అయినా మా ఈడువాడే అక్కడ పాడుతున్నాడని తెలిశాక, మర్నాడు బడిలో మేమూ పాడేవాళ్ళం. ఆ రేడియోకు అమ్మడానికి సరుకు లేదు. ఆ మధ్యవర్తికి పాట తప్ప మరో పని లేదు.

7

ఒక ఆక్షేపణ వస్తుందని తెలుసు. ముందే నేనే చెప్తాను. డబ్బాల మీద వచ్చిన పాటల్లో మంచివి లేవా? ఉన్నాయి. ‘ఆర్చీస్’ పాట ‘షుగర్ షుగర్’ 1969లో ఒక ఊపు ఊపింది. దాన్నీ అట్ట రికార్డుగా సీరియల్ డబ్బాల వెనక ముద్రించి పంచారు. పిల్లలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, పెట్టె మీద పెట్టి తిప్పారు. పాట నిలిచింది, డబ్బా పోయింది. కాబట్టి మంచి పాట ఏ పొట్లంలో వచ్చినా బతకొచ్చు. నేను కాదనను. ఆ కత్తిరింపు మీదే నా కన్ను. డబ్బానుంచి పాటను కోసి విడదీసే పని పిల్లవాడి కత్తెరకే వదిలారు. రోనాల్డ్‌ని పాటలోంచి కత్తిరించడానికి ఏ కత్తెరా సరిపోదు, వాడే పాటగాడు కదా.

రోనాల్డ్ కూడా ఇప్పుడు అంతగా కనబడడు. అమెరికాలో భయపెట్టే బఫూన్ల గోల రేగిన 2016లో కంపెనీయే వాణ్ణి కొన్నాళ్ళు వెనక్కి పిలిచింది. ఇప్పుడు కొట్టుకు బఫూన్ అవసరమూ లేదు, క్యాసెట్ అవసరమూ లేదు. పిల్లవాడి చేతిలో ఫోనుంది. తినడానికి ఫోను చూపిస్తున్నామా, ఫోను చూడటానికి తింటున్నాడా అని మీ ఇంట్లోనూ ఎవరో అడిగే ఉంటారు. మా ఇంట్లో నేనే అడిగి చీవాట్లు తిన్నాను. ఆ సంగతి మరో సభకు.

ఇక చాలు. ఆ మూల బల్ల మీద పచ్చ గుడ్డ కప్పి ఉన్నది రికార్డు ప్లేయరు. పొద్దున్న దానికోసం సుల్తాన్ బజార్ అంతా తిరిగాను, 78కి తిరిగే మోటారున్న పెట్టె ఇప్పుడెవరి దగ్గరా లేదంటారు. చివరికి ఒక పెద్దాయన అటక మీదనుంచి దించి ఇచ్చాడు. అద్దె పుచ్చుకోలేదు, రికార్డు తనకూ వినిపిస్తే చాలన్నాడు. వెనక వరుసలో ఉన్నాడు.

సున్నుండలు, పకోడీలు తెచ్చారట. పిల్లలందరికీ ఇస్తారు. రికార్డు విన్నవాళ్ళకీ ఇస్తారు, విననివాళ్ళకీ ఇస్తారు. ఆకలైతే ముందు వెళ్ళి తిని రండి, మేం ఆగుతాం.

ఇదిగో, ఆ రెండు జడల పాపా, పుస్తకం నువ్వు పట్టుకో. ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఫరవాలేదు. ఈల వినబడగానే పేజీ తిప్పెయ్. మధ్యమధ్య టక్కు టక్కుమని వినిపిస్తుంది. అది ఏనుగు.